బండి బాగానే ఉందట

ఆ వీధిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. కార్ల స్టాండు దగ్గర డ్రైవర్లు సరదాకి 'రాయబారమ్మ' అన్నారు, అదే ఖాయమైపోయింది. బట్టల దుకాణం వెనకగదిలో కూర్చుని పొడుగు ప్యాంట్లు పొట్టి చేయడం, బిగుతు చొక్కాలు వదులు చేయడం ఆమె ఉద్యోగం. దానికి జీతముంది, వారానికో సెలవుంది. రాయబారానికి ఆ రెండూ లేవు. పొద్దున తమ్ముడి మాట భర్తకు మోయాలి, సాయంత్రం భర్త మాట తమ్ముడికి మోయాలి. ఇద్దరూ తోలేది ఒకే కారు. ఉండేది ఒకే ఇంట్లో, భర్త కింద, తమ్ముడు పెళ్ళాం బిడ్డలతో పైన. అయినా రెండేళ్ళుగా ఒకరితో ఒకరికి మాటల్లేవు.

కారు ఆమె తండ్రిది. ఆయనా అద్దె కారు డ్రైవరే. ఆ బండిని ఆయన కన్నకూతురికంటే గారంగా చూసుకుంటాడని తల్లి దెప్పుతూ ఉండేది, అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు. పొద్దున్నే బానెట్ ఎత్తేవాడు. ఆయిల్ పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి, వెలుతురుకు ఎత్తి చూసేవాడు. ఇంజన్ స్టార్ట్ చేసి, తల పక్కకు వంచి కాసేపు వినేవాడు. అప్పుడెవరైనా పలకరిస్తే చెయ్యెత్తి ఆగమనేవాడు, అది కన్నకూతురైనా సరే.

ఒంట్లో ఓపిక తగ్గాక కొడుకునీ అల్లుణ్ణీ పిలిచి, పగలు అల్లుడు, సాయంత్రం నుంచి కొడుకు తోలాలని తేల్చాడు. బండి ఇద్దరిదీ. ఒక్కటే షరతు పెట్టాడు. బండి చేతులు మారేటప్పుడు ఇద్దరూ కలిసి బానెట్ ఎత్తాలి. ఆ పూట బండి ఎలా నడిచిందో, ఎక్కడ మూలిగిందో దిగేవాడు ఎక్కేవాడికి నోటితో చెప్పాలి. చెప్పిన తర్వాతే తాళం ఇవ్వాలి. ముసలాయన బతికున్నన్నాళ్ళూ ఇది తప్పలేదు. పొద్దునా సాయంత్రం బావాబావమరుదులిద్దరూ బానెట్ కింద తలలు దూర్చి మాట్లాడుకుంటూ ఉంటే, ఆమె గుమ్మంలో నిలబడి చూసేది. బండి కబుర్లలోంచి ఇంటి కబుర్లలోకి, అక్కణ్ణుంచి నవ్వుల్లోకి పోయేవాళ్ళు. ఆ నవ్వులు వంటింటి దాకా వినిపించేవి.

ముసలాయన పోయాక గొడవ దేనికి వచ్చిందో చెబితే నవ్వుతారు. సీటు కోసం వచ్చింది. తమ్ముడు పొడగరి, భర్త పొట్టి. ఒకడు సీటు వెనక్కి జరపడం, ఒకడు ముందుకు లాగడం, రోజూ ఇదే పని. లాగి లాగి ఒకరోజు కింది పిడి విరిగిపోయి, సీటు వెనకే బిగుసుకుపోయింది. నువ్వు విరగ్గొట్టావంటే నువ్వన్నారు. అక్కడితో ఆగితే పోయేది. "మా నాన్న బండిలో కూర్చుని నా మీద అరుస్తున్నావా?" అని తమ్ముడు నోరు జారాడు. ఇల్లరికం వచ్చినవాడికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. "మీ నాన్నకి నేనే కొడుకుని, నువ్వు దండగ" అని భర్త తిరగబడ్డాడు. ఇంత చిన్న పిడి, షెడ్డు మేస్త్రీకి చెబితే చిటికెలో వెల్డింగ్ చేసేవాడు. ఎవరు చెప్పాలన్న పంతంలో అది అలాగే ఉండిపోయింది. భర్త నడుము వెనక రెండు దిండ్లు పెట్టుకుని, స్టీరింగ్‌కి ఒళ్ళు ఆనించి తోలడం మొదలుపెట్టాడు. అలా ముందుకు వంగి కూర్చుంటే స్టీరింగ్ చక్రం అడ్డొచ్చి మీటర్లు సగం కనపడవు. దాన్నీ ఆయన పట్టించుకోలేదు.

అప్పట్నుంచి తాళం వంటింటి గుమ్మం పక్క మేకుకు వేలాడింది. తెల్లవారుతుండగా తమ్ముడు వచ్చి తగిలించి పైకి పోయేవాడు. అతను మెట్లెక్కిన చప్పుడు విన్నాకే భర్త మంచం దిగేవాడు. సాయంత్రం భర్త వచ్చి తగిలించి స్నానానికి పోయేవాడు. ఆ నీళ్ళ చప్పుడు విని తమ్ముడు కిందికి దిగేవాడు. మొహాలు ఎదురుపడకుండా ఉండటానికి ఆ ఇద్దరు మొగాళ్ళు పడ్డ శ్రద్ధలో పదో వంతు బండి మీద పెట్టి ఉంటే, నాకీ కథ చెప్పే పనే ఉండేది కాదు.

బండిని ఎవరూ పనిగట్టుకుని పాడు చేయలేదు. గాలికి వదిలేశారు, అంతే. ఆయిల్ పోయినసారి నేను మార్చాను, ఈసారి వాడు మార్చాలని ఒకరు. పోయినసారి మార్చింది నేనైతే వాడంటాడేంటని ఇంకొకరు. ఈ లెక్క తేలేలోపు లోపల ఆయిల్ తారులా చిక్కబడింది. టైర్లు అరిగి నున్నబడ్డాయి. బ్రేకు వేస్తే ఇనుము ఇనుమును గీరే చప్పుడు వచ్చేది, దాన్ని వినకుండా పాటలు పెద్దగా పెట్టుకునేవాళ్ళు. తమ్ముడు ఎడమకాలు క్లచ్చి మీదనుంచి తీసేవాడు కాదు. భర్త గుంతల్ని చూసి కూడా స్పీడు తగ్గించేవాడు కాదు, ఎలాగూ సాయంత్రం దిగేదేగా అన్నట్టు తోలేవాడు. డాష్‌బోర్డు మీద ఇంజన్ దీపం ఎర్రగా వెలుగుతూనే ఉండేది. ఎక్కినవాళ్ళు భయపడుతున్నారని భర్త దానిమీద నల్ల టేపు ముక్క అంటించాడు. తమ్ముడు పీకాడు. భర్త మళ్ళీ అంటించాడు. కొన్నాళ్ళకి ఇద్దరూ విసిగిపోయారు, టేపు ఉండిపోయింది.

ఇక మన రాయబారమ్మ సంగతి. మొదట్లో ఆమె విన్నది విన్నట్టే చెప్పేది. తెల్లవారి తమ్ముడు వచ్చి, "అక్కా, నీ మొగుడికి కళ్ళున్నాయా లేక అవి కూడా అద్దెకిచ్చాడా? వెనక టైర్లో గాలి లేదు" అంటే, అలాగే పోయి చెప్పింది. ఆ పూట భర్త టిఫిను ముట్టకుండా వెళ్ళిపోయాడు. సాయంత్రం ఆయన, "మీ తమ్ముడు గేరు మారుస్తున్నాడా, రోకలి పోటు వేస్తున్నాడా కనుక్కో" అన్నాడు. అదీ అలాగే చెప్పింది. తమ్ముడు మేకుకున్న తాళం తీసి గోడకేసి కొట్టాడు.

దాంతో ఆమెకు బుద్ధి వచ్చింది. మాటల్ని కత్తిరించడం నేర్చుకుంది. తిట్లు తీసేసి మిగతాది చెప్పేది. "వెనక టైర్లో గాలి కాస్త చూసుకోమన్నాడండీ తమ్ముడు." "గేరు కొంచెం గట్టిగా పడుతోందిరా, మెల్లగా వెయ్యమన్నారు మీ బావ." అలా చెబితే ఎవరూ ఏమీ విసిరికొట్టేవాళ్ళు కాదు. మెల్లగా ధైర్యం పెరిగింది, కత్తిరించడంతో ఆగకుండా నాలుగు మాటలు సొంతంగా అతికించడం కూడా మొదలుపెట్టింది. "మీ నడుం నొప్పి ఎలా ఉందని అడిగాడండీ." "పిల్లాడి జ్వరం తగ్గిందా అన్నార్రా మీ బావ." తమ్ముడు అడగలేదు, భర్త అనలేదు. విన్నవాళ్ళు ఊఁ అనేవాళ్ళు కాదు, కాదనేవాళ్ళూ కాదు. ఆ మౌనంలో ఏదో మెత్తబడుతోందని ఆమె నమ్మింది. నమ్మకపోతే రోజూ రెండు పూటలా అలా ఎందుకు మోస్తుంది? ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ ఇద్దరూ మళ్ళీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. దేవుడు కనిపించి వరం కోరుకోమంటే డబ్బూ నగా అడిగే మనిషి కాదు, వీళ్ళిద్దర్నీ ఒక్కసారి బానెట్ కింద తలలు దూర్చనివ్వమనేది.

అయితే ఇంత కత్తిరింపులో ఒక చిక్కుంది, ఆమెకు అది తట్టలేదు. తమ్ముడైనా భర్తైనా బండి గురించి చెప్పిన ప్రతి మాటా తిట్టులో చుట్టి చెప్పేవాళ్ళు. తిట్టు ఎంత పెద్దదైతే లోపలున్న సంగతి అంత పెద్దదన్నమాట. ఆమె మాత్రం తిట్టు పెద్దదైన కొద్దీ ఎక్కువ కత్తిరించేది.

ఒక సాయంత్రం అనుకోనిది జరిగింది. భర్త తాళం తగిలించి స్నానానికి పోబోతూ గుమ్మంలో ఆగాడు. పైనుంచి దగ్గు వినిపిస్తోంది.

"ఏమిటే, వాడు అలా దగ్గుతున్నాడు? మందు ఏమైనా వేసుకున్నాడా?"

రెండేళ్ళలో ఆయన నోట ఆ ఇంటి పైభాగం గురించి వచ్చిన మొదటి మంచి మాట అది. సొంతంగా అతికించనక్కర్లేకుండా, అచ్చంగా ఆయనే అన్న మాట.

"అడిగి చెబుతానండీ" అంది.

ఆ రాత్రి ఆమెకు సరిగా నిద్ర పట్టలేదు. తెల్లవారితే తమ్ముడికి ఆ మాట ఎలా చెప్పాలో పదే పదే అనుకుంటూ పడుకుంది. తెల్లవారింది. తమ్ముడు వచ్చాడు. చొక్కా నిండా మసి, చేతులు మోచేతుల దాకా తడి. ఆమె నోరు తెరిచేలోపే అందుకున్నాడు.

"అక్కా, చెప్పు నీ మొగుడికి! మా నాన్న మీద ఎక్కలేక ఆయన బండి మీద ఎక్కి తొక్కుతున్నాడు. రాత్రంతా రేడియేటర్లో నీళ్ళు పోయడమే నా పని. పోసిన నీళ్ళు పోసినట్టే కారిపోతున్నాయి, కింద గొట్టం చీరింది. వేడి ముల్లు చూస్తే పైకి పోయి కూర్చుంటోంది. ఆ గుడ్డి దద్దమ్మకి అదేమన్నా కనపడుద్దా? ఇలాగే తోలమను. నడిరోడ్డు మీద చచ్చి ఊరుకుంటుంది. బండితో పాటు వాడూ చస్తే పీడ పోతుంది!"

"ఛీ, ఏం మాటల్రా అవి?" అంది ఆమె. "నిన్న మీ బావ నీ దగ్గు గురించి అడిగారు తెలుసా? నిజంగా అడిగారు. మందు వేసుకున్నాడా అన్నారు."

తమ్ముడు ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. "నువ్వు చెప్పేవన్నీ నేను నమ్ముతున్నాననుకుంటున్నావా అక్కా?" అని తాళం మేకుకు కొట్టి పైకి వెళ్ళిపోయాడు.

ఆమె అక్కడే నిలబడిపోయింది. చావు మాట కూడా అనేశాడు, అదీ కట్టుకున్నవాడి మీద. ఆ మాటల్లో నీళ్ళూ గొట్టం వేడి ముల్లూ ఉన్నాయి గానీ, ఆమెకు వినిపించింది 'చస్తే పీడ పోతుంది' ఒక్కటే. లోపల మంచం కిర్రుమంది. భర్త లేచాడు. మొహం కడుక్కుని వచ్చి, ఎప్పుడూ లేంది తనే అడిగాడు.

"ఏమన్నాడు నీ తమ్ముడు? దగ్గు తగ్గిందా?"

నిన్నటి ఆ మాట చలవ ఇంకా ఆయన మొహంలో ఉంది. దాన్ని చెడగొట్టడానికి ఆమెకు మనసు రాలేదు. ఏదో ఒక ముక్క చెప్పాలంటే ఏ ముక్క తీసుకున్నా దానికి చావు అంటుకునే ఉంది. అందుకని మొత్తం తీసి పక్కన పెట్టింది.

"తగ్గిందటండీ. మీరడిగారంటే సంతోషించాడు."

"బండి?"

"బాగానే ఉందట."

ఆయన తల ఊపి, తాళం తీసుకుని వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ ఈలలాంటిదేదో వేశాడు. ఆమె ఆ రోజు దుకాణంలో కుట్టుమిషను ముందు కూర్చుని, ఆదివారం ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి భోజనం పెట్టడం ఎలాగా అని ఆలోచించింది.

మధ్యాహ్నం అవుతుండగా రైలు అందుకోవలసిన ముగ్గురు మనుషులు, ఆరు పెట్టెలు ఎక్కారు. స్టేషను దారిలో పెద్ద ఎత్తు. సగం ఎక్కేసరికి బండి లాగడం మానేసింది. ఎక్కినవాళ్ళు వెనకనుంచి టైము టైము అంటున్నారు. ఆయనకు మండుతున్న రబ్బరు వాసన తగిలింది. తగిలినా, పొద్దున బాగానే ఉందన్నాడుగా అనుకుని ఏసీ కట్టేసి, ఇంకా గట్టిగా తొక్కాడు. ఎత్తు దాటుతుండగా బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్మింది. లోపల ఏదో టకటకమని కొట్టుకుని, ఒక్కసారి బిగుసుకుపోయింది. బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఎక్కినవాళ్ళు పెట్టెలు దింపుకుని, నాలుగు తిట్టి, ఇంకో కారెక్కి పోయారు.

అప్పుడు కూడా కాసేపు ఊరుకుని ఉంటే కొంతైనా దక్కేదేమో. కంగారులో ఆయన పక్క దుకాణంలో బకెట్టు అడిగి తెచ్చి, కాలిపోతున్న ఇంజన్ మీద చన్నీళ్ళు కుమ్మరించాడు. పెద్ద పెంకు పగిలినట్టు ఒక చప్పుడైంది. ముసలాయన ఉండగా నేర్పిన మొదటి పాఠాల్లో ఇదొకటి, వేడి మీద చన్నీళ్ళు పోయొద్దని. ఆ సంగతి ఆయనకు బకెట్టు ఖాళీ అయ్యాక గుర్తొచ్చింది.

తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. కబురందుకుని తమ్ముడు నిద్ర మొహంతో, బనీనుతోనే పరుగెత్తుకొచ్చాడు. ఆమె మెడలో కొలత టేపు తీయకుండానే దుకాణంలోంచి వచ్చింది. షెడ్డు మేస్త్రీ ముసలాయన స్నేహితుడు, ఆ బండిని కొత్తలో నుంచీ ఎరిగినవాడు. బానెట్ ఎత్తి, పుల్ల లాగి చూపించాడు. ఆయిల్లో నీళ్ళు కలిసిపోయి టీ రంగుకు తిరిగింది. వంగి, కింద పడుకుని, లేచి, చేతులు తుడుచుకున్నాడు. ముగ్గురూ ఆయన మొహం వంకే చూస్తున్నారు.

"ఇంజన్ హెడ్డు పగిలింది. పిస్టన్లు పట్టేశాయి. క్లచ్చి ఎప్పుడో కాలింది. కింద చూస్తే తుప్పు, చేత్తో రాలుతోంది." ఆయన గొంతులో కోపం లేదు, విసుగు కూడా లేదు. "వేరే ఇంజన్ దొరికినా ఈ ఒంటికి ఆగదు. తుక్కుకి వేసుకోవడమే."

రెండిళ్ళు ఆ బండి మీద నిలబడ్డాయి. రేపు పొద్దున మేకుకు తగిలించడానికి తాళం ఉంటుంది గానీ, ఆ తాళంతో తెరుచుకునేది ఏదీ ఉండదు. ఆమె అక్కడున్న పాత టైరు మీద కూలబడింది.

"ఇది ఒక్కరోజులో చావలేదు" అన్నాడు మేస్త్రీ. "సరే, మిగతావన్నీ అలా ఉంచండి. గొట్టం చీరి నీళ్ళు కారుతుంటే ఎవరూ చూడలేదా?"

"నేను చూశాను. చెప్పాను" అన్నాడు తమ్ముడు, మేస్త్రీతోనే.

"నాకెవరూ చెప్పలేదు" అన్నాడు భర్త, ఆయనా మేస్త్రీతోనే.

"పొద్దున్నే చెప్పాను. ముల్లు పైకి పోతోందని కూడా చెప్పాను."

"నాతో బాగానే ఉందన్నారు."

అప్పుడు తమ్ముడు మెల్లగా మేస్త్రీ మీదనుంచి చూపు తిప్పాడు. రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఆ ఇద్దరి కళ్ళూ కలిశాయి.

"బావా, నేను అక్కతో చెప్పాను. ఒట్టు."

"నాతో బాగానే ఉందట అందిరా. ఆ ముక్కే అంది."

ఇద్దరూ కలిసి ఆమె వంక తిరిగారు. ఆమె చెప్పుకోవడానికి నోరు తెరిచింది. తిట్లు, చావు, దగ్గు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"పోయిన నెల బ్రేకుల సంగతి చెప్పానే, అది చెప్పిందా?" అన్నాడు తమ్ముడు.

"బ్రేకులా? బ్రేకులు కాస్త చూసుకోండి అంది. ఏదో మాటవరసకనుకున్నాను. నేను క్లచ్చి గురించి చెప్పినవి?"

"మెల్లగా తోలమన్నారంది. అంతే."

"నా నడుం నొప్పి గురించి నువ్వు..."

"నేనడగలేదు బావా."

ఆ మాటకు భర్త మొహం చిన్నబోయింది. అందరూ అబద్ధమని ఎరిగిన అబద్ధమే అది. అయినా ఇంతకాలం ఆయన దాన్ని ఎక్కడో దాచుకున్నాడని ఆమెకు అప్పుడే తెలిసింది. మేస్త్రీ స్పానర్లు సర్దుకుంటూ అటు తిరిగిపోయాడు. బావాబావమరుదులు బానెట్‌కి చెరోపక్క నిలబడి, రెండేళ్ళ మాటల్ని ఒక్కొక్కటిగా బయటికి తీసి సరిచూసుకున్నారు. ఏది అన్నదో, ఏది అననిదో, ఏది సగం చెప్పిందో. తలలు దగ్గరకొచ్చాయి. మధ్యలో గొంతులు కూడా తగ్గాయి. ఆమె పాత టైరు మీద కూర్చుని చూసింది. కోరుకున్నది కళ్ళముందే జరుగుతోంది.

"ఈ మనిషి మనిద్దరి మధ్యా ఇంత చేసిందన్నమాట" అన్నాడు భర్త చివరికి. తమ్ముడు కాదనలేదు. ఇద్దరూ కలిసి బయటికి నడిచారు.

బండి తుక్కుకు పోయింది. సామాన్ల గోడౌనులో లారీలు దింపే పనికి ఇద్దరూ కుదిరారు, పొద్దున్నే కలిసి వెళ్తారు, కలిసి వస్తారు. ఎండకు మాడి, ఒళ్ళు నొప్పులతో వచ్చి మెట్ల మీద పక్కపక్కనే కూర్చుంటారు. తమ్ముడు ఆమెతో అవసరానికి మాట్లాడతాడు. ముందులా అక్కా అని మొదలుపెట్టడు.

చాలా రోజులు ఓపిక పట్టి, ఒక సాయంత్రం భర్త భుజానికి మందు రాస్తూ ఆమె తనే తెచ్చింది ఆ మాట.

"ఆ రోజు వాడన్న మాటలు వింటే మీరు తట్టుకోలేరండీ. చావు మాటలన్నాడు. అవన్నీ ఎలా చెప్పను మీకు? మీరిద్దరూ ఎక్కడ కొట్టుకు చస్తారోనని..."

"చెప్పాల్సిందే" అన్నాడాయన. "పైకి పోయి వాడి చొక్కా పట్టుకునేవాణ్ణి. వాడూ నన్ను నాలుగు తన్నేవాడు. తన్నులాటలో వాడే అరిచి చెప్పేవాడు గొట్టం చీరిందని. ఆ రోజే మాట్లాడుకునేవాళ్ళం."

ఆమె చెయ్యి ఆయన భుజం మీద ఆగిపోయింది. ఆయన అన్నది నిజమని ఆమెకు తెలుస్తూనే ఉంది. కోపంగా అని ఉంటే ఆమె ఏదో ఒకటి చెప్పి చల్లార్చేది, కోపాలతో ఆమెకు అలవాటే. ఆయన గొంతులో కోపమన్నదే లేదు.